మస్కట్ రేవులో పది రోజులు

మా సత్యవేడు చుట్టుపట్ల కొన్ని ముస్లిం ఇళ్లలో మస్కట్ అనే మాట తరచు వినిపిస్తూ ఉంటుంది. కడప, రాయచోటి వారికి కువైట్ ఎటువంటిదో ఈ ఇళ్ల వారికి మస్కట్ అటువంటిది. అయితే వారి నోట ఆ మాటకు పట్టణం అని అర్థం కాదు, పైకం అని అర్థం. "మస్కట్ వచ్చిందా?" అని ఒకరినొకరు అడిగితే ఆ నెల సొమ్ము చేరిందా అని అడిగినట్లు. పెట్టెలో వచ్చే మెత్తని దుప్పటి, అత్తరు సీసా, చెల్లెలి పెండ్లికి పెట్టిన నగ, పాత మిద్దె మీద లేచిన కొత్త గది, ఇవన్నీ మస్కట్. ఆ పట్టణం ఎటువంటిదో, దానిని ఎవరు కాల్చారో, ఎవరు నిలబెట్టారో, అక్కడ మనవారు ఎట్లు బ్రతుకుతున్నారో పంపేవారు చెప్పరు, అందుకొనేవారు అడగరు. గడచిన శీతకాలంలో అల్లాహ్ దయ వలన పది రోజుల వీసాపై ఆ పట్టణాన్ని చూచే అవకాశం మాకు కలిగింది. మా మదరసాలో చదువుకొని, ఇప్పుడు అక్కడ ఒక గిడ్డంగిలో లెక్కలు వ్రాస్తున్న విద్యార్థి టిక్కెట్టు పంపి పిలిపించుకొన్నాడు.

సత్యవేడు నుండి ఊత్తుకోట మీదుగా చెన్నై చేరడానికి రెండు గంటలు పైబడుతుంది. చెన్నై నుండి మస్కట్‌కు విమానంలో నాలుగు గంటలు. దిగిన వెంటనే గడియారాన్ని గంటన్నర వెనుకకు త్రిప్పుకోవాలి. మనం మగ్రిబ్ చేసుకొనే వేళకు అక్కడ ఇంకా ఎండ ఉంటుంది.

అరబీలో ఈ పట్టణం పేరు 'మస్ఖత్'. స-ఖ-త అనే ధాతువుకు పడుట అని అర్థం కనుక మస్ఖత్ అంటే పడే చోటు. ఓడల లంగరు పడే చోటు అని కొందరు, కొండలు సముద్రంలోకి పడే చోటు అని కొందరు వివరిస్తారు. ముప్పై ఏండ్లుగా పిల్లలకు అరబీ వ్యాకరణం చెబుతున్న మాకు మొదటి వివరణ నచ్చుతూ వచ్చింది. కండ్లతో చూచిన తరువాత రెండవదే సరియని తోచింది. చెట్టు చేమ లేని నల్లని రాతి కొండలు నేరుగా నీటిలోకి దిగి ఉంటాయి. వాటి నడుమ గుర్రపు లాడం ఆకారంలో చిన్న రేవు. పాత మస్కట్ అంటే ఆ రేవు, దాని వెనుక కొండల మధ్య ఇరుకైన చదును నేల, అంతే. నేడు మస్కట్ అని పిలువబడే నగరం పడమటగా ఎన్నో మైళ్లు సాగి ఉన్నది గానీ అసలు పట్టణాన్ని అర గంటలో నడచి ముగించవచ్చు.

రేవుకు ఇరువైపులా రెండు కోటలు. పడమట మీరానీ, తూర్పున జలాలీ. రెండింటినీ 1580లలో పోర్చుగీసువారు పటిష్ఠంగా కట్టించారు. నడుమ అల్ అలమ్ రాజప్రాసాదం. అలమ్ అంటే జెండా. నీలం, బంగారు వన్నెల స్తంభాలతో 1972లో కట్టినది. రేవు చుట్టూ ఉన్న రాళ్ల మీద, వచ్చిపోయిన ఓడల పేర్లను నావికులు సున్నంతో, రంగుతో వ్రాసి పెట్టారు. కొన్ని పేర్లు మాసిపోయాయి, కొన్ని నేటికీ చదవవచ్చు.

1970 వరకు ఈ పట్టణపు తలుపులు రాత్రి మూసేవారు. ఆ తరువాత వీధిలో నడిచేవారు చేతిలో లాంతరు పట్టుకొని తీరాలి. ఆ సంవత్సరం జులై 23న సుల్తాన్ ఖాబూస్ పాలన చేపట్టేనాటికి దేశమంతటికీ మూడే బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు ఉండేవి. మా విద్యార్థి గిడ్డంగి యజమాని డెబ్బై ఏండ్ల పెద్దమనిషి. తాను చెట్టు క్రింద ఖుర్ఆన్ నేర్చుకొన్న తరంవాడినని, తన మనుమరాళ్లు వైద్య కళాశాలలో ఉన్నారని చెప్పాడు. చదువు చెప్పే వృత్తిలో ఉన్న మాకు కోటల కన్న ఈ మాటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది.

ఉమాన్ దేశానికి ఇస్లాం కత్తితో రాలేదు, ఉత్తరంతో వచ్చింది. హిజ్రీ 8వ సంవత్సరం ప్రాంతంలో దైవప్రవక్త ముహమ్మద్ (స.అ.సం) తమ లేఖనిచ్చి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)ని ఆనాటి ముఖ్య పట్టణమైన సుహార్‌కు పంపారు. అక్కడ జులందా కుమారులు జైఫర్, అబ్ద్ అనే సోదరులు పాలకులు. వారు విన్నారు, ప్రశ్నించారు, ఆలోచించుకొన్నారు, స్వీకరించారు. హజ్రత్ అమ్ర్ (రజి) అక్కడే ఉండి ధనికుల నుండి జకాత్ వసూలు చేసి అక్కడి పేదలకే పంచారు. సహీహ్ ముస్లింలో మరొక ఉల్లేఖనం ఉన్నది. ప్రవక్త (స.అ.సం) ఒక వ్యక్తిని ఒక తెగ వద్దకు పంపగా వారు అతనిని తిట్టి కొట్టారు. అతడు తిరిగి వచ్చి చెప్పుకొన్నప్పుడు, ఉమానువాసుల వద్దకు వెళ్లి ఉంటే నీకా తిట్లు, ఆ దెబ్బలు తగిలేవి కావన్న భావంతో ప్రవక్త (స.అ.సం) పలికారు. అన్యదేశం నుండి వచ్చినవాడిని అవమానించని జనం అని ఒక జాతికి దొరికిన యోగ్యతాపత్రమది. పది రోజులూ ఈ మాట మమ్మల్ని వదలలేదు. ఎందుకో ముందు చెబుతాము.

1507లో అల్‌బుకర్క్ అనే పోర్చుగీసు నాయకుడు ఓడలతో ఈ రేవుకు వచ్చాడు. పట్టణాన్ని దోచి తగులబెట్టాడు. చెక్కడపు పని గల కొయ్యతో కట్టిన పెద్ద మస్జిదు కూడా ఆ మంటలలో పోయింది. చేజిక్కిన వారిలో కొందరికి ముక్కు చెవులు కోయించినట్లు ఆ పక్షంవారి గ్రంథాలే చెబుతున్నాయి. మాకు అతి దగ్గరి సముద్రం పులికాట్ వద్దది, మన పెద్దలు ప్రళయకావేరి అనే చోటు. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు అక్కడ కూడా కొలువు తీరారు. వారి వెనుక డచ్చివారు వచ్చి 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఆ కోట నేడు పొదల పాలయింది. మస్కట్ కోటలు మాత్రం చెక్కుచెదరక నిలిచి ఉన్నాయి, అయితే వేరొకరి జెండాతో.

పోర్చుగీసువారిని 1650 జనవరిలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ సైన్యం మస్కట్ నుండి వెళ్లగొట్టింది. ఈ విజయం వెనుక ఉమాన్ చరిత్రకారుడు ఇబ్న్ రుజైఖ్ ఒక వృత్తాంతం వ్రాశాడు. కోటకు ధాన్యం, మందుగుండు సరఫరా చేసే గుత్త నరోత్తమ్ అనే హిందూ వర్తకునిది. కోట అధికారి అతని కుమార్తెను బలవంతంగా కోరాడు. నరోత్తమ్ గడువు అడిగాడు. తొట్లలోని నీరు పాతబడింది, గోధుమలు పుచ్చిపోయాయి, మందుగుండు చెడిపోయింది, అన్నీ మార్చాలని నమ్మబలికి కోటను ఖాళీ చేయించాడు. ఆ పిమ్మట ఇమాముకు కబురు పంపాడు. గెలిచిన తరువాత ఇమామ్ అతనికి, అతని వారికి జిజియా మాఫీ చేశాడట. ఇందులో కథ ఎంత, చరిత్ర ఎంత అన్న విషయంలో పండితులకు భేదాలున్నాయి. అయినా తమ స్వాతంత్ర్య గాథలో ఒక ముస్లిమేతర వర్తకునికి ఆ స్థానం ఇచ్చుకొన్నవారు ముస్లిం చరిత్రకారులే. పాత మస్కట్‌లో శివాలయం, దార్సైత్‌లో కృష్ణ మందిరం నేటికీ ఉన్నాయి. మన తెలుగు హిందూ సోదరులు పండుగలకు అక్కడ చేరుతారు.

మా చిత్తూరు సీమకు ఈ రేవుతో ఉన్న బంధం పాఠ్యపుస్తకాలలో కనబడదు. హైదర్ అలీ 1780లో మా ఊరికి దక్షిణంగా కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఆంగ్లేయులను ఓడించాడు. 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేట దండులో మరణించాడు. ఆయన కుమారుడు టిపూ సుల్తాన్ మస్కట్‌లో ఒక వర్తక కోఠీ నడిపాడు. మంగళూరు నుండి బియ్యం, మిరియాలు, యాలకులు, గంధపు చెక్క ఓడలెక్కేవి. ఆయన తన మస్కట్ ప్రతినిధికి వ్రాయించిన ఉత్తరాలలో పట్టుపురుగులను, వాటిని పెంచడం తెలిసిన మనుషులను, ఖర్జూరపు మొక్కలను పంపమన్న ఆజ్ఞలున్నాయి. పలమనేరు, కుప్పం వైపు పట్టుగూళ్లు అమ్ముకొని బ్రతికే రైతులకు ఈ సంగతి చెబితే నమ్మరు. తరువాత 1798లో మస్కట్ పాలకుడు ఈస్టిండియా కంపెనీతో ఒడంబడిక చేసుకొన్నాడు. 1799 జనవరిలో నెపోలియన్ కైరో నుండి టిపూకు వ్రాసిన లేఖను మస్కట్ పాలకుని ద్వారా అందజేయాలని పంపగా అది ఆంగ్లేయుల చేతిలో పడింది. మే 4న శ్రీరంగపట్నం కూలింది.

పాత మస్కట్‌కు ఆనుకొని కొండ మలుపు తిరిగితే మత్రహ్. ఇక్కడి సంత చాలా పాతది. పైకప్పు వేసిన ఇరుకు వీధులు, చీకటి, వాటిలో వెండి కత్తులు, శాలువాలు, అత్తర్లు. అన్నిటినీ మించి లుబాన్ పొగ. మన ఇళ్లలో గురువారం సాయంత్రం నిప్పులపై వేసే లోబాన్ పేరు ఈ అరబీ మాట నుండి వచ్చినదే. ఉమాన్ దక్షిణ భాగమైన జుఫార్‌లోని చెట్ల నుండి కారే బంక అది. మన దుకాణాలలో ఆ పేరుతో అమ్మేది చాలా వరకు వేరు సరకని, వాసన చూచిన వెంటనే తెలిసింది. చిల్లర ఇచ్చేటప్పుడు మరొక చుట్టరికం కనబడింది. ఉమాన్ రియాల్‌కు వెయ్యి 'బైసా'లు. అది మన పైసాయే. ఒకప్పుడు మన రూపాయే అక్కడ చెలామణి అయ్యేది. 1970లో గానీ దాని స్థానంలో వారి రియాల్ రాలేదు. నాడు మన రూపాయి కొరకు వారు చేయి చాపేవారు, నేడు వారి రియాల్ కొరకు మనం. ఈ మాట మా విద్యార్థితో అంటే, "హజ్రత్, ఇది ఇక్కడ గట్టిగా అనకండి" అని నవ్వాడు.

సుల్తాన్ ఖాబూస్ పెద్ద మస్జిదు గురించి చెప్పకుంటే పాఠకులు ఊరుకోరు. ఆరేండ్లకు పైగా కట్టి 2001 మేలో తెరిచారు. ఇరవై వేల మంది నమాజు చేయగలరు. ప్రధాన మీనారు ఎత్తు 90 మీటర్లు. లోపలి తివాచీ 4,343 చదరపు మీటర్లు, 21 టన్నుల బరువు. ఇరానుకు చెందిన 600 మంది స్త్రీలు నాలుగేండ్లు నేశారు. అందులో 170 కోట్ల ముడులున్నాయి. గుమ్మటం నుండి వ్రేలాడే దీపవృక్షం ఎత్తు 14 మీటర్లు. వీటిని చూచేందుకు శుక్రవారం తప్ప మిగిలిన ఉదయాలలో అన్య మతస్థులను కూడా అనుమతిస్తారు. మాకు దీపం కన్న రాయి ఎక్కువ నచ్చింది. మూడు లక్షల టన్నుల ఆ ఇసుకరాయి మన భారతదేశం నుండి ఓడలలో వెళ్లినదే. ఖర్జూరపు మట్టలు కప్పిన మస్జిదె నబవీలో నమాజు చేసిన సహాబాను తలచుకొంటే ఇంత వైభవం అవసరమా అన్న ప్రశ్న మనసులో మెదలక మానదు. అయితే తివాచీ మీద నుదురు ఆనించినప్పుడు మాకు ఆ స్త్రీల చేతులే గుర్తు వచ్చాయి.

ఉమానులో చాలా మంది ఇబాదీ సంప్రదాయంవారు. నిలబడినప్పుడు చేతులు కట్టరు, ప్రక్కలకు వదిలేస్తారు. మా ప్రక్కన ఒక ఇబాదీ వృద్ధుడు చేతులు వదిలి, ఆ ప్రక్కన ఒక పాకిస్తానీ నాభి క్రింద కట్టి, ఆ చివర ఒక ఈజిప్టువాడు రొమ్ముపై కట్టి నిలబడ్డారు. ఎవరూ ఎవరి చేతుల వైపు చూడలేదు. వేలూరులో మేము చదువుకొనే రోజులలో ఇదే విషయంపై రాత్రులు తెల్లవార్లూ వాదించుకొనేవారము. మన ఊళ్లలో ఇటువంటి కారణంతో మస్జిదులు రెండుగా చీలిన సంగతి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

జుమా రోజు సాయంత్రం మా విద్యార్థి మమ్మల్ని రువీకి తీసుకొని పోయాడు. ఉమానులో ఆరు లక్షలకు పైగా ఉన్న మన దేశస్థులలో కూలీ నాలీ చేసుకొనేవారు సెలవునాడు చేరే చోటది. గది ఒకటి, మంచాలు ఎనిమిది. అందులో కడపవారు, కరీంనగర్‌వారు, తిరునెల్వేలివారు. జూన్ నుండి ఆగస్టు వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడున్నర దాకా ఎండలో పని చేయించరాదని అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. చాలా చోట్ల పాటిస్తున్నారని వారే చెప్పారు. 2021 నుండి ఒప్పందం ముగిసిన కార్మికుడు పాత యజమాని అనుమతి పత్రం లేకుండానే వేరొక పనికి మారవచ్చు. మగవారి మాటలలో అలసట ఉన్నది గానీ భయం కనబడలేదు.

భయం ఇండ్లలో పని చేసే స్త్రీల మాటలలో ఉన్నది. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మేము బయలుదేరే ముందు మా ఊరి దగ్గరి పల్లె నుండి ఒక తల్లి వచ్చి ఒక కాగితం నకలు మా చేతిలో పెట్టింది. ఆమె కుమార్తెకు ఇరవై ఆరేండ్లు, ఇద్దరు బిడ్డలు, భర్త విడిచిపెట్టాడు. మస్కట్‌లో ఇంటి పనికి వీసా వచ్చిందట. ఏజెంటు ముందుగానే నలబై వేల రూపాయలు ఇచ్చాడు. "మీరు చూచి వచ్చి చెప్పండి హజ్రత్, బిడ్డను పంపవచ్చునా?" అన్నది.

మా విద్యార్థి ఆ కాగితాన్ని ఒకసారి చూచి తిరిగి ఇచ్చాడు. అది పని వీసా కాదు, సందర్శకుల వీసా. దానిపై పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. ఆ నేరం పిల్ల మీద కూడా పడుతుంది. పైగా పదవ తరగతి లేని వారి పాస్‌పోర్టుకు ఉమాన్ వంటి పద్దెనిమిది దేశాలకు పనిపై వెళ్లాలంటే మన ప్రభుత్వపు ప్రవాస అనుమతి కావాలి. స్త్రీకి ముప్పై ఏండ్లు నిండనిదే అది ఇవ్వరు. నిండిన తరువాత కూడా ప్రభుత్వాలు నడిపే నియామక సంస్థల ద్వారానే పంపాలి. ఈ నియమాలన్నిటినీ తప్పించుకొనే దొడ్డిదారే సందర్శక వీసా. ఏజెంటు ఇచ్చే నలబై వేలు దానం కాదు. యజమాని అతనికి ఎన్నో రెట్లు కట్టి ఉంటాడు. పిల్ల ఆ ఇంటి గడప తొక్కేనాటికే ఆమె పేరిట అప్పు ఉంటుంది. ఇంటికి పోతానంటే, "పెట్టిన సొమ్ము కట్టి పో" అంటారు.

మా సీమకే చెందిన నలబై ఏండ్లు దాటిన స్త్రీ ఒకరు అక్కడ మాతో మాట్లాడారు. సరియైన వీసాపై వచ్చినవారే. మొదటి ఇంట్లో ఆరేండ్లున్నారు. ఆ ఇంటి ముసలి తల్లి ఆమెను తన ప్రక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టేది, తమతో పాటు ఉమ్రాకు తీసుకొని పోయింది. రెండవ ఇంట్లో పాస్‌పోర్టు దాచారు, ఫోను లాక్కొన్నారు, నాలుగు నెలల జీతం ఇవ్వలేదు. మన రాయబార కార్యాలయం నెలకొకసారి జరిపే ఫిర్యాదుల సభకు ఎవరో దారి చూపితే బయటపడ్డారు. "ఇల్లు మంచిదైతే మస్కట్ మంచిదే హజ్రత్. లోపలికి పోయేదాకా తెలియదు కదా" అన్నారు.

మరునాడు ఆ గిడ్డంగి పెద్దమనిషి ఖహ్వా పోసి ఇచ్చినప్పుడు సహీహ్ ముస్లింలోని ఆ ఉల్లేఖనాన్ని ప్రస్తావించి, ఈ స్త్రీ సంగతి చెప్పి, మీరేమంటారని అడిగాము. అతిథిగా ఉండి అడగవచ్చునా అని మా విద్యార్థి బెదిరాడు. అడగవచ్చుననే మా అభిప్రాయం. ఆయన చాలా సేపు మాట్లాడలేదు. "ఆ మాటను మా పిల్లలకు గర్వంగా నేర్పుతాము. తీర్పు దినాన అదే మాకు వ్యతిరేకంగా నిలబడుతుందేమో" అన్నాడు. ఆ స్త్రీకి రావలసిన నాలుగు నెలల జీతం విషయం తాను కనుక్కొంటానని పేరు వ్రాసుకొన్నాడు. రెండు నెలల జీతం చేరినట్లు తరువాత కబురు వచ్చింది.

తిరిగి వచ్చి ఆ పల్లె తల్లికి, ఈ కాగితంపై పంపరాదని చెప్పాము. ఏజెంటు సొమ్ము అప్పటికే వడ్డీలకు, బిడ్డ వైద్యానికి ఖర్చయిపోయింది. ఆమె కుమారుడు మా ఇంటి ముందు నిలబడి కోపంగా మాట్లాడాడు. అతని కోపం న్యాయమైనదే, సొమ్ము కట్టవలసినవాడు అతడే. ఖుర్ఆన్ చెప్పిన జకాత్ ఎనిమిది వాటాలలో అప్పులపాలైన వారి వాటా ఒకటి. దానిని జమాఅతు పెద్దలకు గుర్తు చేసి సగం ఇప్పించాము. ఆ పిల్ల ఇప్పుడు శ్రీసిటీలో ఒక కర్మాగారానికి వ్యానులో పోయి వస్తున్నది. మస్కట్‌లో వస్తుందన్న జీతంలో సగం కన్న కొంచెం ఎక్కువ వస్తుంది, రాత్రికి బిడ్డల వద్ద ఉంటుంది. తల్లికి ఇంకా మనసు కుదుటపడలేదు. మొన్న శుక్రవారం మస్జిదు బయట కనబడి, ముప్పై నిండాక ప్రభుత్వ సంస్థ ద్వారా అయితే పంపవచ్చునా అని అడిగింది. కాగితాలు ముందు మాకు చూపించమన్నాము. ఏజెంటుకు ఇంకా పధ్నాలుగు వేల రూపాయలు ఇవ్వవలసి ఉన్నది.